చెల్క నేలకు చుక్క నీరు

పెరట్లో ఉండేవి పది వంగ మొక్కలు, పది టమాట, కాసిన్ని పచ్చిమిర్చి, ఓ నిమ్మ చెట్టు, గోడ వారగా మల్లె తీగ. వీటికి డ్రిప్పు ఎందుకు? పొద్దున్నే పైపు పట్టుకుని తడిపితే పావుగంట పని. ఎకరాల కొద్దీ బత్తాయి, మిర్చి వేసిన రైతులకు కావలసిన సరంజామాను ఇంటి వెనక జాగాలోకి తేవడం ఖర్చు దండగ కాదా? పాలకుర్తి లాంటి ఊళ్లో పెరటి తోట పెంచుకునే ఎవరికైనా ఈ ప్రశ్న వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. దీనికి చాలామంది చెప్పే జవాబు 'డ్రిప్పు పెడితే నీళ్లు ఆదా అవుతాయి' అని. ఆ జవాబు తప్పు కాదు కానీ సగమే నిజం. డ్రిప్పు పెట్టినా నీళ్లు వృథా చేయవచ్చు, చెంబుతో పోసి కూడా పొదుపుగా తోట పెంచవచ్చు. డ్రిప్పు కావాలో వద్దో మొక్కల సంఖ్యను బట్టి తేలదు, వాటి కింద ఉన్న మట్టిని బట్టి తేలుతుంది. వేళ్లకు అందే లోతులో ఆ మట్టి ఎన్ని నీళ్లు పట్టి ఉంచగలదో తెలిస్తే, మిగతా లెక్కంతా దానంతట అదే వస్తుంది. ఈ అధ్యాయం ఆ లెక్క గురించే.

పాలకుర్తి పాత వరంగల్ జిల్లాలోది, 2016 అక్టోబర్ నుంచి జనగామ జిల్లాలో ఉంది. పాల్కురికి సోమనాథుడి ఊరిగా, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడి పోరాడిన ఊరిగా తెలుగువాళ్లందరికీ దీని పేరు తెలుసు. సేద్యం చేసుకుంటూ భాగవతం రాశాడని చెప్పుకునే పోతన ఊరు బమ్మెర కూడా ఈ మండలంలోనే ఉంది. ఇక్కడి నీటి కథను నడిపించేది మాత్రం కింద ఉన్న రాయి. ఈ ప్రాంతమంతా గ్రానైటు పలక మీద ఉంది. ఆ రాయి యుగాల తరబడి ఎండకు పగిలి, వానకు నాని, పొడిపొడిగా రాలి ఏర్పడిన ఎర్ర మట్టినే మనం చెల్క అంటాం. ఏడాదిలో కురిసే వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల్లో పడిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు మొక్క బతకాలంటే చెరువో బావో బోరో నల్లానో ఆదుకోవాలి. కాకతీయుల కాలం నుంచి ఈ గడ్డ మీద అన్ని చెరువులు తవ్వడానికి కారణం ఇదే: ఇక్కడి నేల నీటిని ఎక్కువ కాలం దాచుకోలేదు, కాబట్టి మనిషే దాచి పెట్టాల్సి వచ్చింది.

పది లీటర్లు ఎక్కడికి పోయాయి

మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. నీళ్లు పోసినప్పుడు ఆ సందులన్నీ నిండుతాయి. పెద్ద సందుల్లోని నీరు బరువుకు కిందికి జారిపోతుంది, చిన్న సందుల్లోది రేణువులను అంటిపెట్టుకుని నిలుస్తుంది. మొక్క తాగేది ఈ నిలిచిన నీటినే. అందులోనూ కొంత భాగం రేణువులకు ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందంటే వేళ్లు ఎంత లాగినా రాదు. మొక్కకు నిజంగా అందే ఈ మధ్య భాగాన్ని 'అందే తడి' అనుకుందాం. చెల్కలో ఇసుక పాలు ఎక్కువ, రేణువులు ముతక, సందులు పెద్దవి. అందువల్ల దాని అందే తడి మట్టి ఘనపరిమాణంలో సుమారు పదో వంతు. నల్లరేగడిలో రేణువులు బాగా మెత్తన, వాటి సందులు లెక్కలేనన్ని. దానిలో అందే తడి దాదాపు రెట్టింపు, అంటే ఐదో వంతు దాకా ఉంటుంది.

ఇప్పుడు కాపు మీదున్న ఒక టమాట మొక్కను తీసుకుందాం. దాని వేళ్లలో ఎక్కువ భాగం కాండం చుట్టూ ఒక అడుగు దూరంలో, ఒక అడుగు లోతులో ఉంటాయి. అంత మట్టిని తవ్వి తీస్తే సుమారు 85 లీటర్ల పరిమాణం వస్తుంది. చెల్క అయితే అందులో అందే తడి ఎనిమిదిన్నర లీటర్లు. అందులో సగం ఖర్చయ్యేసరికే మొక్కకు కష్టం మొదలవుతుంది, పూత రాలుతుంది, కాయ ఊరదు. కాబట్టి మనం వాడుకోదగినది నాలుగు లీటర్లకు కాస్త పైన. మే నెలలో అలాంటి మొక్క రోజుకు రెండున్నర లీటర్ల దాకా తాగుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో తర్వాత చూద్దాం. మూడు రోజులకొకసారి పది లీటర్ల బకెట్ పోసేవారి సంగతి ఇక్కడ తేలిపోతుంది. మూడు రోజుల అవసరం ఏడున్నర లీటర్లు, పోసింది పది. మొత్తం చూస్తే సరిపోవడమే కాదు, మిగలాలి. అయినా రెండో రోజు సాయంత్రానికే మొక్క తల వాలుస్తుంది. ఎందుకంటే ఆ మట్టి మొక్కకు కష్టం లేకుండా ఇవ్వగలిగేది నాలుగు లీటర్లే. పోసినదాంట్లో మట్టి పట్టలేనిదంతా వేళ్లను దాటి కిందికి దిగిపోయింది. మొక్క వాడిపోవడం చూసి మనం నీళ్లు చాలలేదనుకుంటాం. మరుసటిసారి ఒకటిన్నర బకెట్ పోస్తాం. అదనంగా పోసిందంతా కూడా కిందికే పోతుంది.

అదే మొక్క రేగడిలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ అందే తడి 17 లీటర్లు, అందులో సగం ఎనిమిదిన్నర. మూడు రోజులకొక బకెట్ దానికి చక్కగా సరిపోతుంది. అందుకే రేగడి పెరడున్నవాళ్లు డ్రిప్పు కొనకండి. అవసరం లేదు. చెల్క మీద ఉన్న ఇంట్లోవాళ్లు మాత్రం రోజూ కొద్దికొద్దిగా, వేళ్లు ఉన్న చోటనే, నెమ్మదిగా ఇవ్వాలి. మనిషి చేత్తో రోజూ ముప్పై మొక్కలకు ఒక్కోదానికి రెండున్నర లీటర్లు కొలిచి పోయడం ఒక వారం సాగుతుంది, నెల సాగదు. డ్రిప్పు చేసిపెట్టేది ఆ ఒక్క పనినే: మన ఓపికతో పని లేకుండా మట్టికి పట్టినంత మాత్రమే ఇవ్వడం.

ఒకే ఊళ్లో రెండు నేలలూ ఉంటాయి. గుట్టల వైపు, మిట్ట మీద చెల్క. పల్లంలో, చెరువు కింద, వాగు పక్కన బంక పాలు ఎక్కువున్న నేల. అక్కడక్కడ రేగడి. వీటికి తోడు ఈ కాలపు ఇళ్లలో మూడో రకం ఒకటి చేరింది: ఇల్లు కట్టేటప్పుడు మొరం పోసి ఎత్తు చేసిన జాగా. పైన అరడుగు మంచి మట్టి కనిపించినా కింద మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు ఉంటాయి. ఇది చెల్క కన్నా తక్కువ నీళ్లు పడుతుంది. అందుకని పైపు కొనే ముందు గడ్డపారతో మోచేతి లోతు గుంత తీసి చూడాలి. అడుగు మట్టిని కాస్త తడిపి అరచేతిలో ముద్ద చేసి, బొటనవేలితో పట్టీలాగా సాగదీయండి. పట్టీ రాకుండా పొడిపొడిగా విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ. రెండంగుళాల పట్టీ తెగకుండా వస్తే బంకమట్టి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. వేల రూపాయల సామాను కొనాలా వద్దా అన్నది ఇదే తేల్చేస్తుంది.

చుక్కను నడిపేది ఎత్తు

పైపుకు సూదితో బొక్కలు పొడిస్తే డ్రిప్పు అయిపోదా అని అడిగేవాళ్లుంటారు. చేసి చూసినవాళ్లకు తెలుసు: మొదటి మూడు బొక్కల నుంచి నీళ్లు చిమ్ముతాయి, చివరి మొక్క దగ్గర తడి కూడా ఉండదు. బొక్క పెద్దదైతే నీరంతా అక్కడే పోతుంది, చిన్నదైతే రెండు రోజుల్లో మట్టితో మూసుకుపోతుంది. ఈ చిక్కును విప్పినవాడు ఇజ్రాయెల్‌కు చెందిన నీటి ఇంజినీరు సింహా బ్లాస్. 1930లలో ఒక చోట చెట్లన్నీ ఒకలా ఉండి ఒక్కటి మాత్రం ఏపుగా ఎదగడం గమనించి, దానికి కారణం కారుతున్న పైపు అని ఆయన తెలుసుకున్నాడట. ఆ ఆలోచన పనిముట్టుగా మారడానికి ప్లాస్టిక్ రావాల్సి వచ్చింది. బొక్కను చిన్నది చేయకుండా, నీరు నడిచే దారిని పొడవుగా, మెలికలుగా చేయాలన్నది ఆయన పట్టుకున్న కీలకం. అంత దూరం రాపిడితో నడిచి వచ్చిన నీరు వడి తగ్గి చుక్కగా రాలుతుంది. దారి వెడల్పు మాత్రం సన్నని నలుసు సులువుగా దాటేంత ఉంటుంది. 1965లో హట్జెరిమ్ అనే సమష్టి వ్యవసాయ గ్రామంలో నెటాఫిమ్ సంస్థ ఈ పద్ధతితో మొదలైంది. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 నవంబర్‌లో సూక్ష్మ సేద్య పథకాన్ని ప్రారంభించాక డ్రిప్పు ఊరూరా కనిపించసాగింది. ఇప్పుడు తెలంగాణలో ఏ చిన్న పట్టణంలోని వ్యవసాయ సామాన్ల దుకాణంలో అడిగినా లేటరల్ పైపులు (మొక్కల వరసల వెంట వేసే సన్న పైపులు), వాటి నుంచి చుక్క రాల్చే డ్రిప్పర్లు దొరుకుతాయి. డ్రిప్పర్లు లోపలే అతికి ఉండే లేటరల్ పైపు ముక్క ఒకటి కొని పొడవునా కోసి, లోపలి డ్రిప్పరును పిల్లలకు చూపించండి. పళ్లు పళ్లుగా ఉన్న ఆ మెలికల దారిని చూస్తే ఈ పేరా అంతా కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది.

డ్రిప్పరు దారి ఎంత పొడవున్నా నీటిని ముందుకు తోసే బలం ఒకటి కావాలి. దాన్ని అర్థం చేసుకోవడానికి శివాలయంలో లింగం మీద వేలాడే ధారాపాత్రను తలచుకుంటే చాలు. పాత్ర నిండా ఉన్నప్పుడు చుక్క వెంట చుక్క వడిగా పడుతుంది. నీళ్లు తగ్గుతున్నకొద్దీ చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది. అడుగుకు వచ్చేసరికి ఎప్పుడో ఒక చుక్క. ఈ మధ్యలో రంధ్రం మారలేదు, నీరూ మారలేదు. మారింది రంధ్రం పైన నిలిచిన నీటి ఎత్తు ఒక్కటే. పాత్ర వెడల్పుగా ఉన్నా సన్నగా ఉన్నా చుక్క వేగం అదే, ఎందుకంటే రంధ్రాన్ని నొక్కేది ఎత్తే గానీ వెడల్పు కాదు. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే రెండు వందల లీటర్ల డ్రమ్ము కన్నా ప్రెషర్ ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. రెండింటిలో నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే ప్రెషర్ ఒకటే. పెద్ద ట్యాంకులో నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే తేడా.

దుకాణంలో కొన్న డ్రిప్పరు మీద గంటకు 4 లీటర్లు అని రాసి ఉంటే, అది సాధారణంగా పది మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ప్రెషర్ దగ్గర ఇచ్చే లెక్క. పొలంలో మోటారు ఆ ప్రెషర్ ఇస్తుంది. ఒక అంతస్తు ఇంటి మిద్దె మీద ట్యాంకు ఉంటే మనకు దొరికే ఎత్తు నాలుగు మీటర్లు. ఎత్తు పడిపోయినంతగా ప్రవాహం పడిపోదు. ఎత్తు నాలుగో వంతుకు తగ్గితే నీరు సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన నాలుగు మీటర్ల దగ్గర ఆ డ్రిప్పరు గంటకు సుమారు రెండున్నర లీటర్లు ఇస్తుంది. మీటరు ఎత్తు దిమ్మె మీద డ్రమ్ము పెట్టుకుంటే గంటకు లీటరుంపావు. తక్కువే, అయినా పనికిరానంత తక్కువ కాదు. గంటకు బదులు రెండు గంటలు వదిలితే సరి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఎత్తుపల్లాలున్నా సమానంగా నీరిస్తాయని చెప్పి అమ్మే పీసీ డ్రిప్పర్లు మంచివే, కానీ వాటికి కనీస ప్రెషర్ కావాలి. మిద్దె ట్యాంకుకు తగిలిస్తే అవి సరిగ్గా పనిచేయవు. ఎక్కువ ధర పెట్టి కొన్నదే ఇక్కడ తక్కువ పని చేస్తుంది. ఇంటికి మామూలు డ్రిప్పర్లే మేలు.

తక్కువ ఎత్తుతో నడిచే అమరికలో పెరటి వాలు కూడా లెక్కలోకి వస్తుంది. మీటరు ఎత్తున డ్రమ్ము ఉండి, పెరడు ఒక పక్కకు అడుగు వాలితే, పల్లంలోని మొక్కకు మిట్ట మీది మొక్క కన్నా ఏడో వంతు నీరు ఎక్కువ పోతుంది. అందుకని మెయిన్ పైపును వాలు వెంట, లేటరళ్లను వాలుకు అడ్డంగా వేయాలి. ఒక్కో లేటరల్ ఒకే మట్టానికి వస్తుంది. పల్లంలో ఉన్న లేటరల్ మొదట్లో చిన్న వాల్వ్ పెట్టి కాస్త బిగిస్తే తేడా పోతుంది. అన్నీ బిగించాక మొదటి డ్రిప్పరు కింద ఒకటి, చిట్టచివరి దాని కింద ఒకటి స్టీలు లోటాలు పెట్టి పావుగంట నీళ్లు వదలండి. మిద్దె ట్యాంకు అయితే ఒక్కోదానిలో అరలీటరుకు కాస్త పైన నీళ్లు పడతాయి. రెండింటి మధ్య పదో వంతు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఎక్కడో పైపు నలిగిందనో, ఫిల్టరు మూసుకుందనో, ఒక కనెక్షన్ దగ్గర కారుతోందనో అర్థం.

ఏ మొక్కకు ఎంత

ఒక చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. ఆకుల నుంచి, మట్టి నుంచి ఎండకూ గాలికీ ఎగిరిపోయే నీటిని శాస్త్రజ్ఞులు మిల్లీమీటర్లలో కొలుస్తారు. మన ప్రాంతంలో మే నెలలో అది రోజుకు ఏడు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగు. ఎదిగిన వంగ, టమాట మొక్క రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు జాగాను కప్పుతుంది. అంటే చదరపు మీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దాన్ని ఏడుతో హెచ్చిస్తే ముందు చెప్పిన రెండున్నర లీటర్లు వస్తాయి. చలికాలంలో అదే మొక్కకు లీటరున్నర లోపే చాలు. నారు నాటిన మొదటి పది రోజులు అర లీటరు. ఈ లెక్కన మిద్దె ట్యాంకు డ్రిప్పు ఎండాకాలం గంటసేపు, చలికాలం అరగంటకు కాస్త పైన నడవాలి. వానాకాలంలో చాలా రోజులు అసలు తిప్పకూడదు. డ్రిప్పు పెట్టిన ఇళ్లలో నీళ్లు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే: ఏప్రిల్‌లో పెట్టుకున్న గంట అలవాటు ఆగస్టులోనూ సాగుతుంది.

నిమ్మ చెట్టు గొడుగు రెండు మీటర్ల అడ్డుకొలత ఉంటే దాని కింద మూడు చదరపు మీటర్ల నేల ఉంటుంది. నిమ్మ ఆకు కాస్త పొదుపుగా నీరు వదులుతుంది కాబట్టి ఎండాకాలంలో దానికి రోజుకు 15 లీటర్లు అనుకోవచ్చు. కూరగాయలతో పాటే ఒకే వాల్వ్ మీద గంట నడిచే అమరికలో చెట్టు కోసం సమయం పెంచితే టమాటాలు మునుగుతాయి. సమయం అలాగే ఉంచి చెట్టు చుట్టూ ఆరు డ్రిప్పర్లు పెట్టాలి. అవీ కాండం మొదట్లో కాదు, కొమ్మల చివర్ల నీడ పడేచోట. తాగే వేళ్లు అక్కడే ఉంటాయి. చెట్టు పెరిగేకొద్దీ ఆ వలయాన్ని ఏటేటా బయటికి జరపాలి.

డ్రిప్పు గంట నడిచాక చుక్క పడిన చోటికి జానెడు దూరంలో నిలువుగా మట్టి కోసి చూడండి. తడి ఎక్కడిదాకా పోయిందో ముదురు రంగు చెబుతుంది. చెల్కలో ఆ తడి సన్నగా, లోతుగా దిగుతుంది. రేగడిలో వెడల్పుగా పరుచుకుని లోతుకు దిగదు. అందుకే రేగడిలో రెండడుగులకు ఒక డ్రిప్పరు చాలినా, చెల్కలో అడుగుకొకటి పెడితే గానీ మడి సమంగా తడవదు. తడి రెండడుగుల లోతుకు దిగిపోతే సమయం తగ్గించి, రోజుకు ఒకసారి బదులు పొద్దున సగం, సాయంత్రం సగం ఇవ్వాలి. ఆ మట్టి పైన వరిగడ్డో పల్లి పొట్టో ఎండు ఆకులో మూడు వేళ్ల మందాన కప్పండి. కప్పకపోతే చుక్క పడిన చోట ఎప్పుడూ తడిగా ఉండే ఆ కాస్త మట్టి నుంచే ఎండ నీరు లాగేస్తుంది. ఒక్కటే చేయగలిగే స్తోమత ఉంటే నేను డ్రిప్పు కన్నా ముందు ఈ కప్పడాన్నే ఎంచుకోమంటాను.

కిందికి ఇంకితే పోయినట్టేనా

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. వేళ్లు దాటి కిందికి పోయిన నీళ్లు మాయమైపోలేదు కదా, భూగర్భ జలంలో కలిసి మళ్లీ మన బోరులోకే వస్తాయి కదా అన్నది ఆ అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. ఊరంతటి నీటి ఖాతా చూస్తే ఇంకిన నీటిలో కొంత తిరిగి వస్తుంది. నిజంగా పోయేది గాలిలోకి ఎగిరిపోయిన నీరే. కాబట్టి పెరటి డ్రిప్పు వల్ల ఊరి భూగర్భ జలం పెరుగుతుందని గొప్పగా చెప్పడం సరికాదు. కానీ ఇంటి ఖాతా వేరు. ఇప్పుడు పల్లె పెరళ్లకు వచ్చే నీరు చాలా చోట్ల మిషన్ భగీరథ నల్లాది. కృష్ణా గోదావరుల నుంచి ఎత్తి, శుద్ధి చేసి, వందల కిలోమీటర్ల పైపుల్లో తెచ్చిన తాగునీరు అది. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లన్నది ఆ పథకం పెట్టుకున్న లెక్క. నిమిషానికి పది లీటర్ల బకెట్ నింపే పైపుతో ఇరవై నిమిషాలు తోట తడిపితే 200 లీటర్లు, అంటే నలుగురున్న ఇంటి వాటాలో సగం. ముప్పై కూరగాయ మొక్కలకు, ఒక నిమ్మకు, ఒక మల్లె తీగకు కలిపి మే నెలలో కావలసింది వంద లీటర్లలోపు. తాగునీటిని ఎత్తి తెచ్చి రాతి పగుళ్లలోకి వదలడం ఏ ఖాతాలోనూ మంచి బేరం కాదు. పైగా ఇంకే నీరు ఒంటరిగా దిగదు. మనం వేసిన ఎరువులోని నత్రజనిని కరిగించుకుని వెంట తీసుకుపోతుంది. చెల్కలో పెంట ఎంత వేసినా ఆకు పాలిపోయి కనిపించడానికి ఇదొక కారణం. ఆ నత్రజనే నైట్రేటుగా మారి బావి నీటిలో చేరుతుంది.

డ్రిప్పుతో వేళ్లు పైపైనే ఉండి చెట్టు బలహీనమవుతుందన్నది మరో మాట. ఒకే డ్రిప్పరు మొదట్లో పెట్టి వదిలేసిన చెట్ల విషయంలో ఇది నిజమే. వేళ్లు తడి, గాలి రెండూ ఉన్నచోటికే పోతాయి. ఆ తడిని కొమ్మల అంచుదాకా పరిస్తే వేళ్లూ అక్కడిదాకా పోతాయి. తప్పు చుక్కది కాదు, చుక్కను పెట్టిన చోటుది.

ఉప్పు సంగతి ఇంకా గట్టిది. గ్రానైటు పగుళ్లలోంచి వచ్చే బోరు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. డ్రిప్పు తడి అంచు దాకా వెళ్లి ఆగి ఆరిపోయినప్పుడు ఆ లవణాలు అంచున పోగుపడతాయి. ఎండాకాలం చివర చూస్తే మొక్క చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది. తొలకరి జల్లు తేలికగా పడితే ఆ ఉప్పును కరిగించి వేళ్ల మీదికి నెడుతుంది. అందుకే మొదటి చిన్న వాన కురుస్తుంటే డ్రిప్పు ఆపకూడదు, నడవనివ్వాలి. వింతగా అనిపించినా ఇది తోటల రైతులు పాటించే పద్ధతే. ఆ తర్వాత పడే పెద్ద వాన ఉప్పును లోతుకు కడిగేస్తుంది.

మూసుకుపోకుండా

డ్రిప్పు పెట్టి ఏడాదికే తీసి అటక మీద పడేసిన ఇళ్లు ఎన్నో. కారణం ఒక్కటే: మూసుకుపోయింది. మూసేవి మూడు. ఇసుక, మట్టి నలుసులను ట్యాంకు నుంచి దిగే పైపుకు బిగించిన జల్లెడ ఫిల్టరు ఆపుతుంది. ఇది లేకుండా డ్రిప్పు పెట్టడం డబ్బు పారేయడమే. రెండోది పాచి. వెలుతురు సోకిన నీటిలోనే పాచి పెరుగుతుంది కాబట్టి ట్యాంకు మూత ఉండాలి, పైపు నల్లదై ఉండాలి. తెల్లని, పారదర్శకమైన పైపులు చూడ్డానికి బాగున్నా వద్దు. మూడోది, మన దగ్గర అన్నిటికన్నా మొండిది, సున్నం. బిందె అంచున తెల్లగా పేరుకునే పొరే డ్రిప్పరు నోట్లోనూ పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో డ్రిప్పర్లను రాత్రంతా నానబెట్టి మర్నాడు కడిగితే అది కరుగుతుంది. పైపుకు గుచ్చి తీసే రకం డ్రిప్పర్లు కొంటే ఈ పని సులువు, పైపు లోపలే అతికి వచ్చే రకంతో కుదరదు. నల్లా నీరు, బోరు నీరు రెండూ ఉన్న ఇంట్లో ఉప్పు తక్కువున్న నీటికి డ్రిప్పు తగిలించి, బోరు నీటిని చెట్లకు మామూలుగా పారించడం తెలివైన పని. అంట్లు కడిగిన నీళ్లు, స్నానపు నీళ్లు డ్రిప్పులోకి వద్దే వద్దు. వాటిని అరటి పాదులోకి మళ్లించండి. ఇక నెలకొకసారి ప్రతి లేటరల్ చివరి మూత తీసి నీళ్లు వదిలితే అడుగున చేరిన మడ్డి కొట్టుకుపోతుంది. మొదట ఎర్రగా వచ్చి, తర్వాత తేటగా మారేదాకా ఆగాలి.

ఇంత చాకిరీ కుదరదనుకునేవారికి, నాలుగైదు మొక్కలే ఉన్నవారికి ఇంకా పాత దారి ఒకటి ఉంది. కుమ్మరి చేసిన, పూత వేయని మట్టి కుండను మెడదాకా పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెట్టడం. చుట్టూ మట్టి ఎండితే కుండ గోడల్లోంచి నీటిని లాక్కుంటుంది, తడిగా ఉంటే లాగదు. ఎంత ఇవ్వాలన్న లెక్క మట్టే చూసుకుంటుంది. చైనాలో రెండు వేల ఏళ్ల కిందట ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. సొర, బీర లాంటి పాదులకు ఇది ఇవాళ్టికీ డ్రిప్పుకు తీసిపోదు. కుండ గోడలో ఉప్పు పేరుకుంటే రెండు మూడు కాపుల తర్వాత మార్చుకోవాలి, అంతే.

డ్రిప్పు మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీలు పొలాలకు ఉద్దేశించినవి. పెరటికి మన జేబులోంచే పెట్టుకోవాలి. అందుకే తొందరపడి కొనవద్దు. ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, ముందు గుంత తీసి మట్టి చూడండి. రేగడి అయితే ఆకులు కప్పి బకెట్‌తోనే కొనసాగించండి. చెల్క అయితే, మొరం పోసిన జాగా అయితే, ట్యాంకు ఎత్తు కొలిచి, మొక్కలు లెక్కపెట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఫిల్టరు లేకుండా మాత్రం ఏమీ కొనకండి.